ఇటలీ ఇంటిపేరు – ద్వారం వారి వాయులీనము

తెలుగువారి ఆచారమున ఇంటిపేరు ముందు నడచును. పెట్టిన పేరు దాని వెనుక వచ్చును. పాశ్చాత్యులకు ఈ వరుస తలక్రిందులు. ఏ వరుసలో నున్నను ఇంటిపేరు చేయు పని యొకటియే: మనుష్యుడు ఏ గడపనుండి వచ్చినాడో అది చెప్పును. సాధారణముగా అది యొక ఊరిపేరో, వృత్తిపేరో, పూర్వుల బిరుదమో అయియుండును. త్యాగరాజస్వామివారి ఇంటిపేరు కాకర్ల. ఆ పేరుగల గ్రామము నేటికిని కలదు. ఊరు ఇంటికి పేరిచ్చుట లోకములో నున్నదే. కాని ఇంటిపేరు చెప్పినంతనే ఒక వాద్యము తలపునకు వచ్చుట మిక్కిలి అరుదు. అట్టి ప్రఖ్యాతి ఇటలీదేశమున ఒక వంశమునకు పట్టినది. తెలుగునాట మఱియొక వంశమునకు పట్టినది. రెంటికిని వాద్యము వాయులీనమే. ఇటలీవారి ఇంటిపేరు స్ట్రాడివారి. మనవారి ఇంటిపేరు ద్వారం.

స్ట్రాడివారి యనుమాట తెలుగు చెవికి ఫలానా వారి అనునట్లు వినబడుట ఒక చమత్కారము. దారిసుంకము వసూలుచేయువాడని ఆ పేరునకు మూలార్థమని కొందరి ఊహ. ఆ ఊహయే నిజమైనచో ఒక ఇంటిపేరు సుంకపు గుమ్మము, రెండవది సాక్షాత్తు ద్వారమే. ఇవి రెండును ఒకే వాద్యమునకు ఇరుదెసల నిలిచినవి: ఒకరు దానిని నిర్మించిరి, ఒకరు దానిని మనకు వినిపించిరి.

ఉత్తర ఇటలీలో పో నదీప్రాంతమున క్రెమోనా యను చిన్న నగరము కలదు. పదునారవ శతాబ్దమున అచ్చట ఆండ్రియా అమాటి యను శిల్పి వాయులీనమునకు నేడు మనమెఱిగిన రూపమును దిద్దెను. అది కేవలము ఇంటివిద్యగా తండ్రినుండి కొడుకునకు వచ్చుచుండెను. 1630 లో ఆ ప్రాంతమున చెలరేగిన మహామారి ఇంటిపెద్దను కబళింపగా, మనుమడు నికొలో అమాటి ఒక్కడే ఆ విద్యకు దిక్కయ్యెను. తరువాతికాలమున అతడు పరాయి ఇండ్ల పిల్లలను సైతము పనిలో చేర్చుకొనెను. ఇంటి గుట్టు గడప దాటిన ఆ క్షణమే స్ట్రాడివారి వంశమునకు దారి తెఱచినది.

ఆంటోనియో స్ట్రాడివారి పుట్టినదినము ఏ దేవాలయపు పుస్తకమందును దొరకలేదు. వృద్ధాప్యమున తాను చేసిన వాయులీనముల లోపలి చీటీలపై అతడు తన వయస్సును వ్రాసికొనుచుండెను గనుక, 1644 ప్రాంతమున జన్మించెనని లెక్క కట్టిరి. 1666 నాటి యొక చీటీలో తాను నికొలో అమాటి శిష్యుడనని చాటుకొనెను. మఱుసటి సంవత్సరమున ఒక వితంతువును వివాహమాడెను. 1680 లో 7,000 లీరాలు వెలపెట్టి ఒక చక్కని మేడ కొనెను. ఆ మేడలోనే యాబదియేడు సంవత్సరములపాటు ఉలి దింపక పనిచేసెను. వాయులీనపు ముఖపలకకు స్ప్రూసు కర్రయు, వెనుక పలకకు మేపుల్ కర్రయు అతని సామగ్రి. చాథం రంపపు మిల్లులో పడాకు దుంగలను చూచిన అండమానువాసులకు కర్రలో కర్రకు గల భేదమును వేరుగా చెప్పనక్కరలేదు. కాని క్రెమోనా శిల్పి కర్రను చూచిన చూపు వేరు. అతనికి కావలసినది గట్టితనము కాదు, పలుకు. గురువు చూపిన నమూనాను అతడు మార్చెను, మరల మార్చెను. పొడవు పెంచిచూచి, నచ్చక తగ్గించెను. 1700 మొదలుకొని ఇరువది సంవత్సరములలో చేసినవి అతని శిల్పమునకు పరాకాష్ఠ యందురు. 1736 లో చేసిన యొక వాయులీనపు చీటీపై తన వయస్సు తొంబదిరెండని వ్రాసికొనెను. 1737 డిసెంబరు 18వ తేదీన మరణించెను.

అతని చేతినుండి వెలువడిన వాద్యములు వేయికి పైబడి యుండునని అంచనా. వానిలో సుమారు 650 నేటికిని నిలిచియున్నవి. 1721 లో చేసిన వాయులీన మొకటి 2011 లో ఒక కోటి యాబదితొమ్మిది లక్షల డాలర్లకు అమ్ముడయ్యెను. ఇంత వైభవమునకు వెనుక ఒక విషాదము కలదు. తండ్రి పనిలో చేయూతగా నుండిన కుమారులలో ఒమొబోనో 1742 లోను, ఫ్రాంచెస్కో 1743 లోను గతించిరి. తండ్రి పోయిన ఆఱేండ్లలోనే ఆ ఇంట ఉలి చప్పుడు ఆగిపోయెను. మఱియొక కుమారుడు పాఒలో బట్టలవర్తకుడు. పనిముట్లను, నమూనాలను కళాభిమానియగు ఒక ప్రభువునకు అమ్మివేసెను. ఇంటిపేరు మాత్రము లోకమంతయు వ్యాపించినది.

ఈ వాయులీనము దక్షిణదేశపు సంగీతమున ప్రవేశించుట పందొమ్మిదవ శతాబ్దారంభమున జరిగెను. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు చెన్నపట్టణమున ఐరోపావారి వాద్యగోష్ఠి నాలకించి, వారిలో నొకనివద్ద వాయులీనము నేర్చి, దానిపై మన రాగములను పలికించెను. తంజావూరు సోదరులలో నొకడగు వడివేలు తిరువాన్కూరు సంస్థానమున దానికి గౌరవము తెచ్చెను. స్వాతితిరునాళ్ మహారాజు అతనికి దంతపు వాయులీనమును బహూకరించెనని ప్రతీతి. మనవారు ఆ వాద్యమును అచ్చముగా దిగుమతి చేసికొనలేదు. పాశ్చాత్యులు గడ్డముక్రింద నొక్కిపట్టి నిలుచుండి వాయించుదురు. మనవారు నేలపై బాసికపట్టు వేసి కూర్చుండి, వాద్యపు తలను కుడిపాదముపై నానించి, రెండవ కొనను ఎదకు హత్తుకొని వాయించుదురు. నాలుగు తంత్రులకును మనము కూర్చు శ్రుతి షడ్జపంచమములు, మరల షడ్జపంచమములు. మెట్లు లేని వాద్యమగుటచే వ్రేలు తంత్రిపై జారును. జారుటయే గమకమునకు ప్రాణము. వీణ పలికినట్లు పలుకును, గొంతు సాగినంత దూరము సాగును. ఇన్ని గుణములున్నను దానికి దొరకిన ఆసనము రెండవది. గాయకుని ప్రక్కన కూర్చుండి ఆతని నీడవలె అనుసరించుటయే దాని ధర్మమని సభలు నిర్ణయించినవి. ఒక శతాబ్దమునకు పైగా వాయులీనము ప్రక్కవాద్యముగానే ఉండిపోయెను.

ఆ రెండవ ఆసనమునుండి దానిని లేపి సభామధ్యమున కూర్చుండబెట్టినవారిలో అగ్రగణ్యులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించిరి. అది దీపావళి పండుగదినమని చెప్పుదురు. తండ్రి సైన్యోద్యోగి, ఉద్యోగ మెక్కడనో కాపురము నక్కడ. కేంద్రప్రభుత్వపు కొలువులో ఊరూరు తిరుగు కుటుంబములకు ఈ సంగతి క్రొత్త కాదు. పిమ్మట ఆ కుటుంబము విశాఖపట్టణము చేరెను. అండమాను తెలుగువారిలో పెక్కుకుటుంబముల మూలము శ్రీకాకుళ, విజయనగర, విశాఖపట్టణ ప్రాంతములే. 2024 లో శ్రీవిజయపురమని పేరు మార్చుకొన్న పోర్టుబ్లెయిరు రేవునకు వారు వచ్చినది ఆ విశాఖ రేవునుండియే. అవతలి గట్టున ఆ సముద్రపు హోరును వినుచునే ద్వారం వారి బాల్యము గడచినది. సముద్రపుగాలి తగులు ఊళ్లలో వాయులీనమును కాపాడుకొనుట ఎంత కష్టమో వాయించువారెఱుగుదురు. చెమ్మ తగిలి జిగురు పట్టు వదలును. సరిచేసిన శ్రుతి ఘడియసేపు నిలువదు. ఆ తీరముననే ఆయన శ్రుతిశుద్ధికి పేరుపొందిరి.

దీపములపండుగనాడు పుట్టిన బాలునకు కన్నులలో వెలుగు చాలలేదు. చూపు మందమగుటచే పాఠశాలలో నల్లబల్లపై వ్రాసినది ఆయనకు కనబడకుండెను. తుదకు బడిచదువు మాన్పించవలసి వచ్చెను. ఆనాటి మధ్యతరగతి ఇంట చదువు ఆగిన పిల్లవాని భవిష్యత్తు ఎట్టిదో ఊహింపవచ్చును. గుమాస్తాపని కూడ కన్నులుండవలసిన పనియే గదా. అయితే ఆ ఇంట ఒక వాయులీనముండెను; దానిని వాయించు అన్నగారుండిరి. ఆయన పేరు వేంకటకృష్ణయ్యగారు. తమ్ముని కన్ను మూసికొన్న చోట చెవి తెఱచుకొన్నదని గ్రహించి ఆయనయే గురువైనారు. ద్వారం వారి ఇంటిపేరు వాద్యమునకు ముడిపడినది ఆ అన్నగారి పాఠముతోడనే యని చెప్పవలెను. లోకము తమ్ముని కొనియాడును; అన్న ఓర్పు చరిత్రలో రెండు పంక్తులకు మించి చోటు చేసికొనలేదు.

చూపు మందమైన సాధకునకు వాయులీన మొక విధముగా అనువైన వాద్యము. దానిపై మెట్లు లేవు, గుర్తులు లేవు. కన్నున్నవాడును చెవినే నమ్ముకొనవలెను. ఇచట వ్రేలు నూలుపోగంత జరిగినచో స్వరము తప్పును. ఆ జరుగుబాటును పట్టుకొను చెవి నాయుడుగారికి సాధనచే సిద్ధించినది. ఆయన సాధన ఎంత దీర్ఘమో, తంబురాశ్రుతిపై ఆయనకు ఎంత పట్టుదలయో శిష్యులు కథలు కథలుగా చెప్పుకొనెడివారు.

1919 లో విజయనగరమున మహారాజా విజయరామగజపతి సంగీత కళాశాలను నెలకొల్పిరి. చూపులేని యొక బాలుని సంగీతాభ్యాసమునకై ఆలోచింపగా ఆ కళాశాల రూపొందినదని ఆ ప్రాంతమున ప్రతీతి. హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులైరి. నాయుడుగారు అచ్చట విద్యార్థిగా చేరగోరి వెళ్లిరనియు, ఆయన వాదనము విన్నంతనే ఆచార్యపదవి నొసగిరనియు చెప్పుదురు. ఏది ఎట్లున్నను 26 ఏండ్ల ప్రాయమున, ఏ పరీక్షలోను ఉత్తీర్ణుడు కాని ఆ యువకుడు వాయులీనాచార్యుడయ్యెను. బడి వెలివేసినవానిని కళాశాల గురుపీఠమున కూర్చుండబెట్టినది. 1936 లో దాసుగారి పిమ్మట కళాశాలాధ్యక్షత కూడ ఆయననే వరించినది. దాసుగారు సింహమువంటివారు, పాడినను ఆడినను సభ దద్దరిల్లెడిది. ఆయన విడిచిన ఆసనమున ఈ మితభాషి కూర్చుండి ఏ గర్జనయు లేకయే కళాశాలకు కీర్తి తెచ్చుట విశేషము. ఘంటసాల వేంకటేశ్వరరావు, మధూకరము చేసికొని పొట్టపోసికొనుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారి శుశ్రూషలో ఆ కళాశాలలోనే విద్య ముగించెను. పి. సుశీల, నూకల చినసత్యనారాయణగారు మొదలగువారును అచ్చటి విద్యార్థులే.

ఆనాటి పెద్ద గాయకులలో ఆయన ప్రక్కవాద్యము కోరనివారు తక్కువ. అరియక్కుడి రామానుజయ్యంగారివంటి మహావిద్వాంసునకు ఆయన వాద్యసహకారమొసగిరి. ప్రక్కవాద్యగానికి రెండు ప్రలోభములుండును. గాయకుని మించిపోవలెనను ఆశ మొదటిది. గాయకుని వెనుక దాగిపోవలెనను సోమరితనము రెండవది. నాయుడుగారు రెంటికిని లొంగలేదు. గాయకుడు విడిచిన రాగమును అందుకొన్నపుడు ఆయన చేయి దానిని తిరిగి చెప్పుటకు కాక, దానిలో చెప్పక మిగిలినది చెప్పుటకు కదలెడిది. అందుచే శ్రోతలు గాయకుడు ఆగు క్షణమునకై ఎదురుచూచుట ప్రారంభించిరి. ఇది ప్రక్కవాద్యగానికి గౌరవమే, ఇబ్బందియును.

ఆయన వాదనమున ముఖ్యమైనది కమాను. కమానును కొస నుండి కొసదాక లాగుట, ఒత్తిడి యెక్కువ తక్కువలచే నాదమును గుసగుసనుండి నిండుగొంతు వఱకు పెంచుట పాశ్చాత్యులు శాస్త్రముగా అభ్యసించిన విద్య. మనవారిలో చాలకాలము ఎడమచేతి వ్రేళ్లకే ప్రాధాన్యము. కుడిచేయి తాళమునకు తగినట్లు కోయుటతో సరిపెట్టుకొనెడిది. నాయుడుగారు పాశ్చాత్యుల కమానుపద్ధతిని శ్రద్ధగా గమనించి, అందు మన సంగీతమునకు ఒప్పినదానిని గ్రహించిరి. రాగములో ఆవగింజంతయు అన్యదేశపు వాసన రానీయలేదు. అరువు తెచ్చుకొన్నది చేతి నేర్పు. పలికినది కాకర్లవారి సంగీతము.

ఆ కాలమున దక్షిణాదిని వాయులీనమునకు ముగ్గురిని త్రిమూర్తులుగా చెప్పుకొనెడివారు: ద్వారం వేంకటస్వామినాయుడుగారు, మైసూరు చౌడయ్యగారు, కుంభకోణం రాజమాణిక్యం పిళ్లగారు. ధ్వనిప్రసారయంత్రములు లేని ఆ దినములలో పెద్దసభ చివరివఱకు నాదము చేరుటకై చౌడయ్యగారు నాలుగు తంత్రులకు మఱి మూడు చేర్చి ఏడు తంత్రుల వాద్యమును రూపొందించిరి. అది సాహసమే, సఫలమైనదే. నాయుడుగారు నాలుగు తంత్రులతోనే తృప్తిపడి, సభను నిశ్శబ్దముగా కూర్చుండజేయు మార్గమును ఎన్నుకొనిరి. రెండింటిలో నేది గొప్పయని వాదించుటకు అభిమాను లెప్పుడును సిద్ధమే; ఆ వాదము నేటికిని తెగలేదు.

1938 లో వెల్లూరున గాయకుడు లేకుండ వాయులీనమే ప్రధానవాద్యముగా ఆయన పూర్తికచ్చేరీ చేసిరి. ఈ కాలమున ఇది సాధారణముగా తోచును. ఆనాడు అది నిలుచునో పడునో తెలియని పరీక్ష. మాటలేని సంగీతమును మూడుగంటలు సభ భరించునా యని సందేహము. కీర్తనలో సాహిత్యమే సగము ప్రాణమని నమ్మిన తెలుగు తమిళ శ్రోతలముందు అక్షరము పలుకని వాద్యము త్యాగయ్యగారి భక్తిని ఎట్లు చెప్పగలదు? ఆయన కమాను సాహిత్యపు అక్షరముల విఱుపునే అనుసరించెడిది. కీర్తన తెలిసినవానికి మాట వినబడెడిది. తెలియనివానికి రాగమే చాలెడిది. ఆ కచ్చేరీ తరువాత వాయులీనమునకు ప్రత్యేక సభలు ఏర్పడినవి. వాయులీన విద్వాంసుడు తనపేరుననే ఆహ్వానము నందుకొను కాలము వచ్చినది.

తరువాతి సన్మానములు త్వరత్వరగా వచ్చినవి. 1941 లో మద్రాసు సంగీత విద్వత్సభ సంగీతకళానిధి బిరుదమొసగెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. 1953 లో సంగీత నాటక అకాడెమీ పురస్కారము, 1957 లో పద్మశ్రీ లభించినవి. జనులు మాత్రము ఆయనను ఫిడేలు నాయుడుగారనియే పిలిచిరి. ఆ పిలుపులో బిరుదముల భారము లేదు, చనువున్నది.

1952 లో జగద్విఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ భారతదేశమునకు వచ్చెను. మద్రాసులో ప్రధానన్యాయమూర్తి పి. వి. రాజమన్నారుగారి గృహమున ఆయన నాయుడుగారి వాదనమును వినెను. వినినవాడు స్ట్రాడివారి వాయులీనములపై చేయి తిరిగినవాడు. క్రెమోనా వాద్యముల నాదమెట్టిదో పుస్తకములలో చదివి కాక, తన భుజముపై మోసి యెఱిగినవాడు. వాయించినవారు విజయనగరపు కళాశాలాధ్యక్షులు. నేలపై కూర్చుండి, పాదముపై వాద్యము నానించి వాయించిరి. మెనూహిన్ ముగ్ధుడై మనసార ప్రశంసించెను. రెండువందల యేండ్లకు పూర్వమే ఇటలీశిల్పి రూపము తీర్చిన వాద్యము, అతడు కలలోను వినని రాగములు పలుకగా, ఐరోపా సంప్రదాయపు వారసుడు తలయూచిన సాయంకాలమది.

వాద్యము గొప్పదా, చేయి గొప్పదా యను ప్రశ్న ఇచట సహజముగా పుట్టును. స్ట్రాడివారి నాదరహస్యమును గూర్చి శాస్త్రజ్ఞులు ఎన్నియో ఊహలు చేసిరి. ఆ శతాబ్దపు విపరీతమైన చలిచే చెట్లు మెల్లగా పెరిగి కర్ర బిగువెక్కెనని కొందరు, మెఱుగునూనెలో మర్మమున్నదని కొందరు, కర్రకు ఏవో లవణములు పట్టించిరని మఱికొందరు చెప్పిరి. 2010 లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున ఇరువదియొక్కరు వాదకులకు నల్లని కన్నద్దములు తొడిగి, ప్రాతవి మూడు, క్రొత్తవి మూడు వాయులీనములు చేతికిచ్చి పరీక్షించిరి. ప్రాతవానిలో రెండు స్ట్రాడివారి చేసినవే. వాదకులలో ఎక్కువమంది క్రొత్తదానినే మెచ్చుకొనిరి. ఏది ప్రాతదో చెప్పలేకపోయిరి. చీటీ కనబడనపుడు చెవి చెప్పు తీర్పు వేరని దీనివలన తేలినది. ద్వారం వారి విషయమున ఈ పరీక్ష జీవితమంతయు సాగినదే. ఆయన వాయించిన వాద్యపు చీటీపై ఏ ఊరిపేరున్నదని ఎవరును అడుగలేదు.

1964 నవంబరు 25వ తేదీన నాయుడుగారు మద్రాసులో స్వర్గస్థులైరి. అప్పటికాయనకు డెబ్బదియొక్క సంవత్సరములు. స్ట్రాడివారి ఇంట జరిగినట్లు ఈ ఇంట వాద్యము మూగవోలేదు. కుమారులు భావనారాయణరావుగారు, కుమార్తె మంగతాయారుగారు వాయులీనమును చేపట్టి పేరొందిరి. ఆ ఇంటిపేరుగల నరసింగరావుగారు, దుర్గాప్రసాదరావుగారు విజయనగరముననే ఆ విద్యను నిలిపిరి. ఇంటివెలుపలి శిష్యులు ఎందఱో. విశాఖపట్టణమునను చెన్నైలోను ఆయన విగ్రహములను ప్రతిష్ఠించిరి. శతజయంతి సంవత్సరమగు 1993 లో తపాలాశాఖ ఆయన చిత్రముతో ఒక తపాలాబిళ్లను వెలువరించెను; చూపు చాలని ఆ కన్నుల ముఖము ఆనాటి ఉత్తరములపై ద్వీపాంతరములకును ప్రయాణము చేసెను.